గీరితే పెరిగేది

మూత బిగిసింది. గాజులా కనిపించే ఆ గొట్టం అవతల, దాన్ని నడిపే జార్జిగారి నెరిసిన మీసం కదిలింది, ఒక్క క్షణం ఆగి తలాపున ఉన్న స్పీకర్లోంచి గొంతు వచ్చింది. "గుటకలు వేస్తా ఉండండమ్మా, చెవులు పట్టేస్తే చెయ్యెత్తండి." సీతామహాలక్ష్మి గుటక వేసింది. ఇరవై ఎనిమిది రోజులుగా వేస్తున్న గుటకే, ఆ మాటకొస్తే పెళ్ళయినప్పటి నుంచీ వేస్తున్న గుటకే, కాకపోతే అత్తవారింట్లో తను ఎన్ని గుటకలు వేసినా ఎవరి చెవులూ తెరుచుకున్న దాఖలా లేదు, ఇక్కడ మాత్రం వేయగానే టప్పుమని తెరుచుకుంటాయి. తెనాలిలో ఈ ఆసుపత్రి మేడ మీద మనిషిని బారుగా ఒక గొట్టంలో పడుకోబెట్టి, లోపల అచ్చమైన ఆక్సిజన్ నింపి, నలభై అయిదు అడుగుల లోతు నీళ్ళలో ఉన్నంత ఒత్తిడి పెట్టి గంటన్నర ఉంచుతారు. ఎడమకాలి మీద తమలపాకంత పుండుతో వచ్చింది తను. మింగే మాత్రలు మింగుతూనే ఉంది, ఇది వాటికి తోడు. తలకి నూనె కూడదు, మొహానికి పౌడరు కూడదు, పట్టు, నైలాను కూడదు, గాజులు కూడదు. మొదటి రోజు సూత్రాలు తీసి మొగుడి చొక్కా జేబులో వేసి, మెడ బోసిగా ఉండకూడదని నూలుదారానికి పసుపుకొమ్ము కట్టుకుంటుంటే ఈ మనిషి ఎన్నాళ్ళకి నా బరువు మోశాడు అనిపించి నవ్వొచ్చింది. "నిప్పు పుట్టే వస్తువు ఏదీ లోపల లేదు కదమ్మా" అని జార్జిగారు రోజూ అడుగుతారు, కాగితం మీద టిక్కు పెట్టుకోవాలిట. లేదండి అని రోజూ చెబుతుంది. అది రోజూ అబద్ధమే.

సభకు నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దలకు నమస్కారం, వేదిక కింద కూర్చున్న, ఆ పెద్దల చేత కోయించుకున్న వారికి ఇంకో నమస్కారం. కాదు, ఇది మరీ మొదట్లోనే బయటపడిపోతుంది, మైకు లాగేసుకుంటారు. ముందు కాస్త తేనె పూయాలి. ఎల్లుండి ఆదివారం బాపట్లలో సన్మానం, డాక్టర్ కోటేశ్వరరావుగారు కత్తి పట్టి యాభై ఏళ్ళు. ఆడపడుచు మొగుడు కాబట్టి తనకి అన్నయ్యగారు, తన భర్త చంద్రశేఖరానికి బావగారు, ఇద్దరికీ కలిపి దేవుడు. కోలుకున్న రోగుల తరఫున మాట్లాడేది శ్రీమతి సీతామహాలక్ష్మి, బి.ఎస్సీ., అని కరపత్రంలో అచ్చేశారు, శాలువాల తర్వాత, వందన సమర్పణకి ముందు. తను బోటనీ చదివిందని ఆ ఇంట్లో ఎవరికైనా గుర్తుండటం ఇదే మొదటిసారి. కోలుకున్న రోగి! అన్నయ్యగారు నా కాలిని కాపాడారని ఈ కరపత్రంలో ఉంది, నా కాలు కూడా అదే అనుకుంటోంది, ఎవరి బారి నుంచి కాపాడారో మాత్రం దానికి ఇంకా అర్థం కాలేదు. ఇది బాగుంది. ఇక్కడ ఆగి మంచినీళ్ళు తాగాలి. జనం నవ్వాలా వద్దా అని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేంతసేపు తాగాలి.

ఎడమ చెవి పట్టేసింది, దవడ అటూ ఇటూ ఆడించింది, వదిలింది. మొదలైనప్పుడు అది కందిగింజంత. కిందటి శ్రావణంలో రేపల్లె స్టేషన్లో పాసింజరు ఎక్కుతుంటే మెట్టు అంచు గీరుకుంది, అంతే. మర్నాటికి ఎర్రటి పొక్కు, నాలుగో రోజుకి పగిలి చుట్టూ వంకాయ రంగు అంచు. పొక్కంటే ఎంత, కాస్త ఆముదం రాసి ఊరుకుంటారు ఎవరైనా. కానీ ఇంట్లో డాక్టరుండగా ఆముదమేంటి అన్నారు చంద్రశేఖరం. వాళ్ళ వంశంలో అదొక నియమం, పన్ను కదిలినా బాపట్ల, పురుడొచ్చినా బాపట్ల, కుక్క కరిచినా ముందు బావగారికి చూపించి ఆయన పొమ్మంటే గానీ సర్కారు ఆసుపత్రికి వెళ్ళరు. ఇంకో డాక్టరు గడప తొక్కడమంటే ఇంటావిడ వంట ఉండగా హోటలుకి వెళ్ళడం లాంటిది, అన్నం కోసం కాదు, అవమానించడం కోసం. సరే బాపట్ల. అన్నయ్యగారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "పుండుకి మందు కత్తేనమ్మా చెల్లెమ్మా, కుళ్ళంతా గీరి పారేస్తే వారంలో పరిగెడతావు" అన్నారు. మత్తు సూది, గీరుడు, పైన గుడ్డ. వారంలో పరిగెత్తింది నిజమే, తను కాదు, పుండు. కందిగింజ నిమ్మకాయంత అయింది.

డ్రెస్సింగుల కోసమని పదిహేను రోజులు వాళ్ళింట్లోనే ఉంది. అప్పుడు చూసింది గ్లాసుని. వంటింటి గట్టు మీద స్టీలు గ్లాసులన్నీ బోర్లించి ఉంటే ఒక్కదాని అడుగున ఎర్రటి నెయిల్ పాలిష్ చుక్క. మొదటి రోజు తన కాఫీ అందులో వచ్చింది, రెండో రోజూ అందులోనే, మూడో రోజు కావాలని తనే వెళ్ళి వేరే గ్లాసు తీసుకోబోతే వదినగారు ఎక్కడి నుంచి ఊడిపడ్డారో, "అది కాదమ్మా, నీది ఇదీ" అని నవ్వుతూ చేతిలో పెట్టారు. అంత ప్రేమగా వెలివేయడం ఆవిడకే చెల్లు. తను మంచం దిగగానే దుప్పటి మార్చేవారు. పక్కింటావిడతో పెరటి గోడ మీదుగా, "మావాడి పెళ్ళానికి శుభ్రత తక్కువండీ, పాపం మా డాక్టరుగారు ఎంత గీరినా మళ్ళీ కుళ్ళు పడుతోంది" అనేవారు. గోడకి చెవులుంటాయంటారు గానీ, ఇక్కడ గోడ పక్కనే బాత్రూం ఉంది, అందులో తనుంది. ఆదివారం తనకి వేదిక మీద మంచినీళ్ళు ఏ గ్లాసులో ఇస్తారో. ఇంటి నుంచి తెస్తారా ఆ గ్లాసు? తెస్తే బాగుండును, అందరూ చూసేలా తల పైకెత్తి తాగుతుంది, అడుగున చుక్క మొదటి వరుసకి కనబడేలా.

"వచ్చేశామమ్మా, ఇక మామూలుగా ఊపిరి తీసుకోండి" అన్నారు జార్జిగారు. నలభై అయిదు అడుగుల అడుగు. ఇక్కడికి వదినగారు రాలేరు. నూనె రాసుకోకుండా ఆవిడ ఒక్క పూట ఉండలేరు. ఊపిరి లోపలికి, బయటికి, అద్దం మీద సన్నటి ఆవిరి. దూరంగా గోడ మీద గడియారం ఉంది, అంకెలు కనబడటం లేదు. ఇరవయ్యో రోజు దాటాక దూరపు చూపు మసకబారింది. కొందరికి ఈ గాలి వల్ల అలా అవుతుంది, వైద్యం అయిపోయాక కొన్నాళ్ళకి సర్దుకుంటుంది అన్నారు. దగ్గరవి మాత్రం కళ్ళజోడు లేకుండానే కనబడుతున్నాయి, బియ్యంలో రాళ్ళూ, కరపత్రంలో అచ్చుతప్పులూ. వేదిక మీద నుంచి చూస్తే మొదటి వరుస వరకూ కనబడుతుందనుకుంటా. చాలు. తనకి కావలసిన వాళ్ళందరూ మొదటి వరుసలోనే కూర్చుంటారు.

ఆ నీళ్ళ అడుగున, రామాపురం. అందరూ కలిసి వ్యానులో సముద్రానికి వెళ్ళిన రోజు, పులిహోర డబ్బాలూ, మార్చుకునే బట్టలూ. వదినగారు కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని అలల్లో నిలబడి చిన్నపిల్లలా కేకలు పెట్టారు, అన్నయ్యగారు పంచె తడవకుండా ఎగిరారు, నిజం చెప్పొద్దూ, ఆ రోజు ఇద్దరూ ముచ్చటగా ఉన్నారు. "రావే సీతా" అని పిలిచారు. తను ఇసక మీద నిలబడి సముద్రం వైపు చూడలేదు, ఇటు వైపు, రిసార్టుల వైపు, ఏ గేటు తీసి ఉంది, ఏ గేటు దగ్గర మనిషి ఉన్నాడు, అడిగితే లోపలికి పోనిస్తాడా అని చూస్తూ నిలబడింది. పదకొండేళ్ళుగా తను ఊళ్ళని చూసే పద్ధతి అది. బాపట్లలో ఏ పెళ్ళి హాల్లో ఆడవాళ్ళ వైపు గడియ పడుతుందో తెలుసు, రేపల్లె పాసింజరులో ఏ పెట్టెలో నీళ్ళు వస్తాయో తెలుసు, తెనాలి స్టేషన్లో ఏ ప్లాట్‌ఫారం మీద దిగితే ఎన్ని అడుగులో తెలుసు. ఎందుకు తినవంటే గ్యాసు. ఎందుకు రావంటే గ్యాసు. మరుగుదొడ్డిలో తెల్లటి పింగాణీ మీద ఎర్రగా రక్తం చూసి నీళ్ళు కొట్టి బయటికొచ్చి, ఏంటి ఇంతసేపు అంటే, గ్యాసండీ. గ్యాసుని మించిన పతివ్రత లేదు, ఆడదాని పరువంతా అదే కాపాడుతుంది.

సాయి సుధ అనే ఆ చర్మం డాక్టరు, ముప్ఫై అయిదేళ్ళు కూడా ఉండవు, కాలి మీద గుడ్డ విప్పి ఒక్కసారి చూసి, "కాలు సంగతి తర్వాత, కడుపు సంగతి చెప్పండమ్మా, మోషన్లో రక్తం పడుతుందా?" అని అడిగింది. రెండో కోతకి ముందు మాట అది. కళ్ళ పరీక్షని అబద్ధమాడి తెనాలి వచ్చిన రోజు. ఆ గదిలో కాఫీ ట్రే పట్టుకుని ఎవరూ నిలబడి లేరు. పడుతుందండి అంది సీతామహాలక్ష్మి. ఎన్నాళ్ళ నుంచి? పదకొండేళ్ళ నుంచి. ఆ అంకె బయటికి వినబడేసరికి తనకే భయమేసింది. ఆ అమ్మాయి చాలాసేపు చెప్పింది, పెద్దపేగులో పూత ఉన్న కొందరికి ఇలాంటి పుండ్లు వస్తాయనీ, ఒంటికి కాపలా ఉండాల్సిన సైన్యమే తిరగబడి సొంత చర్మాన్ని తినేస్తుందనీ, ఇది కుళ్ళు కాదనీ, శుభ్రతకీ దీనికీ సంబంధం లేదనీ. శుభ్రతకీ దీనికీ సంబంధం లేదు! ఆ ఒక్క వాక్యం చీటీ మీద రాసి సంతకం పెట్టివ్వమ్మా అని అడగబోయింది. "దీన్ని మాత్రం కోయకూడదండి, గీరకూడదు, గుచ్చకూడదు. గీరిన కొద్దీ పెరుగుతుంది, పగబట్టినట్టు." ఎంత పౌరుషమున్న పుండు! పెళ్ళప్పటి నుంచి తన పౌరుషం ఎటు పోయిందా అని వెతుక్కుంటోంది, అదంతా దిగి దిగి ఎడమకాలిలో చేరి కూర్చుందన్నమాట.

ఆ అమ్మాయి అన్నయ్యగారి పేర ఉత్తరం రాసిచ్చింది, మర్యాదగా, గౌరవనీయులైన అని మొదలుపెట్టి. దయచేసి కోయవద్దు అన్న చోట కింద గీత గీసింది. ఆ ఉత్తరం చంద్రశేఖరం తన చేత్తో బావగారికి ఇచ్చారు, రేషను కార్డు ఇచ్చినట్టు రెండు చేతులతో. బావగారు చదివారు. చివరిదాకా చదివారు, అది తను చూసింది, గీత గీసిన చోట కళ్ళు ఆగడం కూడా చూసింది. తర్వాత నవ్వి, "నేను కత్తి పట్టేనాటికి ఈ పిల్ల పుట్టలేదు" అని, దాని మీద కాఫీ గ్లాసు పెట్టారు. గంట తర్వాత బల్ల ఎక్కించారు. చంద్రశేఖరం పాదం పట్టుకున్నారు, కదలకుండా. లెక్కల మాస్టారి చెయ్యి, సుద్దముక్క పట్టుకునే చెయ్యి, చల్లగా ఉంది. ఆయన గోడ మీది క్యాలెండరు వైపు చూశారు. తను దీపం వైపు చూసింది. ఆ రోజు గొంతు ఎత్తి వద్దు అనొచ్చు. వద్దు అనేది రెండక్షరాలే. మూడు వారాల్లో నిమ్మకాయ తమలపాకంత అయింది, అంచు అదే వంకాయ రంగు, మధ్యలో ఎముక దాకా వెళుతుందేమోనన్నంత గుంట, రాత్రుళ్ళు దుప్పటి తగిలినా ప్రాణం పోయేది. అప్పుడు, బావగారికి చెప్పకుండా, చంద్రశేఖరమే ఆటో పిలిచారు తెనాలి రైలుకి. అందుకే ఆయనకి శిక్ష తగ్గించింది. ఆయనకి వేసింది చిన్న శిక్షే, పొద్దున ఇడ్లీ చట్నీలో ముంచుకుంటున్నప్పుడు ఎదురుగా కూర్చుని, ఇవాళ ఎన్నిసార్లు, ఏ రంగులో, ఎంత అని పూసగుచ్చినట్టు చెబుతుంది. పాపం, మొదట్లో ఇడ్లీ కింద పెట్టేసేవారు. ఇప్పుడు తింటూనే, "నిన్నటికి నయమేగా" అంటున్నారు. శిక్ష పనిచేయడం మానేసింది. కొత్తది ఆలోచించాలి.

కానీ అన్నయ్యగారికి చిన్నది చాలదు. ఆయనకి పెద్దది కావాలి, మైకులో, వీడియో తీస్తుండగా. ఆ ఉత్తరం తన దగ్గరే ఉంది, బీరువాలో, మధ్యలో కాఫీ గ్లాసు ముద్ర గుండ్రంగా. చదువుతుంది. తేదీతో చదువుతుంది. సాయి సుధ ప్రతిసారీ పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం కాలి మీద పరిచి, పుండు అంచు వెంబడి పెన్నుతో గీస్తుంది, ఎంత పెరిగిందీ ఎంత తగ్గిందీ తెలియడానికి. మూడు కాగితాలు, కోతకి ముందు, కోతకి తర్వాత, ఇప్పుడు. మొదటి దానికీ మూడోదానికీ పెద్ద తేడా లేదు, ఇరవై ఎనిమిది రోజులు ఈ గొట్టంలో పడుకుని, గుప్పెడు మాత్రలు మింగి, మళ్ళీ నిమ్మకాయంతకి తెచ్చింది తను. అంటే ఆయన ఒక్క గంటలో చేసింది చెరపడానికి ఇంతకాలం. ఫ్రేము కట్టించి జ్ఞాపికగా ఇస్తే? అందరూ ఏదో దీవి పటమనుకుని చప్పట్లు కొడతారు. ఆయనకి ఒక్కడికే తెలుస్తుంది. హాల్లో గోడకి తగిలించుకోవాలి మరి, చెల్లెమ్మ ఇచ్చింది కదా.

మరి మొదటి కోత? అని అడిగింది ఎవరో. గొట్టంలో తను తప్ప ఎవరూ లేరు. మొదటి కోత సంగతి చెప్పవేం? గుటక వేసింది, చెవులు బాగానే ఉన్నాయి. మొదటి రోజు. పొక్కు చూసి, కళ్ళజోడు పైకి తోసేముందు, అన్నయ్యగారు ఒక మాట అడిగారు. అడిగారు. ఇన్నాళ్ళూ ఈ ఉపన్యాసాన్ని ఎన్నిసార్లు రాసుకున్నా అక్కడికి రాగానే పక్కదారి పట్టేది. "కడుపులో ఏమైనా ఇబ్బందా చెల్లెమ్మా, విరేచనాలూ అవీ?" అన్నారు ఆయన. మామూలుగా, కాగితం మీద ఏదో రాసుకుంటూ. వదినగారు కాఫీ ట్రేతో గుమ్మంలో ఉన్నారు, చంద్రశేఖరం పక్కనే ఉన్నారు, వరసకి అన్నగారైన మనిషి ముందు, ఆడపడుచు ముందు, ఆ మాట నోటితో ఎలా? "లేదండి అన్నయ్యగారూ, ఎప్పుడైనా కాస్త గ్యాసు, అంతే" అంది నవ్వుతూ. ఆ నవ్వు కూడా గుర్తుంది. ఆయన తల ఊపి రాసుకున్నారు. మొదటి గీరుడు తనది. రెండోది ఆయనది, అందులో సందేహం లేదు, ఉత్తరం చదివాక చేసింది అది, దాన్ని ఏ దేవుడూ మాఫీ చేయడు. కానీ సభలో ఆయన లేచి నిలబడి, "నేను అడిగాను, ఈవిడ లేదంది" అంటే? అంటాడు. కత్తి పట్టినవాడు ఊరుకుంటాడా. ఉత్తరం చదవాలంటే, కాఫీ ముద్ర చూపించాలంటే, ముందు తనే మైకులో, బాపట్ల ఊరి మధ్య, మూడొందల మంది ఎదుట, పదకొండేళ్ళు నాకు దొడ్డికి వెళితే రక్తం పడిందండి, అడిగితే లేదన్నానండి అని చెప్పాలి. వంకాయ రంగు పుండు కంటే అది చూపించడం కష్టం. దానికంటే శాలువా కప్పి, దండం పెట్టి, కాలు కాపాడిన దేవుడని దిగిపోవడం తేలిక. చంద్రశేఖరం కోరుకుంటున్నదీ అదే. నిన్న రైల్లో కిటికీలోంచి చూస్తూ, "నాలుగు మంచి ముక్కలు చెప్పి వచ్చేద్దాం సీతా, పెద్దాయన, ఇంకెన్నాళ్ళుంటాడు" అన్నారు. ఉంటాడు, బోలెడన్నాళ్ళుంటాడు, ఆయన్ని కోసేవాళ్ళెవరూ లేరుగా.

దిగిపోయేదేమో నిజానికి. ఇవాళ పొద్దున రైలెక్కబోతుంటే వదినగారి ఫోను రాకపోతే. "మీ అన్నయ్యగారికి అచ్చం నీలాంటి కేసే వచ్చిందమ్మా, కర్లపాలెం నుంచి. కాలి మీద అదే పుండు. పాపం భయపడుతోంది. సోమవారం శుభ్రం చేస్తానన్నారు. నిన్ను చూస్తే ధైర్యం వస్తుందని ఆదివారం సభకి రమ్మన్నాం." ఆ తర్వాత నవ్వి, "కడుపు కూడా నీ కడుపేనమ్మా, ఎప్పుడూ గ్యాసేనట" అన్నారు.

గ్యాసేనట. ఎవరో, పేరు తెలియదు, కర్లపాలెంలో పొలం గట్టు మీద చెంబు పట్టుకుని తిరిగే ఎవరో ఒకావిడ, తను ఆడిన అబద్ధమే ఆడి, తను ఎక్కిన బల్లే ఎక్కబోతోంది. తన మొహం చూసి ధైర్యం తెచ్చుకుని మరీ ఎక్కుతుందట. సీతామహాలక్ష్మికి ఒళ్ళు మండింది, అన్నయ్యగారి మీద కాదు, ఆవిడ మీద. ఇన్ని నెలలు ఎంత శ్రద్ధగా, ఎంత చిక్కగా కాచుకుంది ఈ పగని! ఇప్పుడు ఈవిడ వచ్చి అందులో పుణ్యం కలిపేసింది, చిక్కటి పాలల్లో చెంబుడు నీళ్ళు పోసినట్టు. ఆదివారం తను మాట్లాడితే రేపు ఎవరైనా, ఎంత మంచిదమ్మా, ఒక ఆడకూతురి కాలు నిలబెట్టింది అంటారు. తనకి మంచిది అనిపించుకోవాలని లేదు. తనకి కోటేశ్వరరావుగారి మొహం చూడాలని ఉంది, అంతే, మసక లేకుండా, దగ్గరగా. సరే, ఏం చేస్తాం, నీళ్ళు కలిసినా పాలే. కాచుకోక తప్పదు.

"పైకి తెస్తన్నానమ్మా." చెవుల్లో బుడగలు, ఒకటి, ఇంకొకటి. నీళ్ళు పలచబడుతున్నట్టు, ఒడ్డు దగ్గర పడుతున్నట్టు. రామాపురంలో అందరూ తడిసి, నవ్వుతూ ఒడ్డుకి వస్తున్నారు, ఆమె ఒక్కతే పొడిగా నిలబడి ఉంది. మూత తెరుచుకుంది. బయటి గాలి పాతగా, బరువుగా, డెట్టాలు వాసనతో మొహాన తగిలింది. చంద్రశేఖరం ఒక చేతిలో ఆమె చెప్పులు, ఇంకో చేతిలో ఫోను పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు, చొక్కా జేబు సూత్రాల బరువుకి కాస్త కిందికి వేలాడుతూ.

"జార్జిగారూ, డాక్టరమ్మగారు గీసిన ఆ మూడు కాగితాలు నకలు తీసివ్వగలరా? ఆదివారం కావాలి."

"దేనికమ్మా?"

"మా వాళ్ళకి చూపించాలండి. చాలా ముచ్చటపడతారు."

చంద్రశేఖరం ఆమె మొహం చూశారు, ఏదో అర్థమైనట్టు ఫోను వెనక్కి తీసుకోబోయారు, అప్పటికే ఆమె చెయ్యి చాచింది. "బావగారు లైన్లో ఉన్నారు" అన్నారు చిన్నగా.

"ఏం చెల్లెమ్మా!" అన్నయ్యగారి గొంతు పెళ్ళివారి గొంతులా ఉంది. "నాలుగు ముక్కలు రాసుకున్నావా? పెద్ద ఉపన్యాసం వద్దులే, కాలు ఎలా నిలబెట్టామో చెప్పు, చాలు. కర్లపాలెం ఆవిణ్ణి మొదటి వరుసలో కూర్చోబెడుతున్నా, నిన్ను బాగా చూడాలి."

"కూర్చోబెట్టండి అన్నయ్యగారూ, నాకూ మొదటి వరుసే కనబడుతుంది. మైకు కాస్త గట్టిగా వినబడేలా పెట్టించండి." ఆమె మంచం అంచున కూర్చుని ఎడమకాలు నెమ్మదిగా కిందికి దించింది. నేల చల్లగా ఉంది. "అన్నట్టు, మొదటి రోజు మీరు కాగితం రాసుకుంటూ నన్నొక మాట అడిగారు, కడుపులో ఏమైనా ఇబ్బందా అని. గుర్తుందా?"

"ఏమో, అడిగే ఉంటాను. ఎందుకూ?"

"ఆ రోజు సరిగ్గా జవాబు చెప్పలేదండి. ఆదివారం చెబుతాను."